దూలం కింద బుట్ట

మా ఫర్నిచర్ ఫ్యాక్టరీలో నేనే మేస్త్రీని. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్‌నీ నేనే. రెండు పనులకూ నాకున్నది ఒకటే నోరు.

మేము ఆడేది పాత కలప షెడ్డులో. దానికి అడ్డంగా ఓ ఇనుప దూలం ఉంది. దూరం నుంచి పైకెత్తి వేస్తే బంతి దూలానికి తగిలి నెత్తి మీదికే వస్తుంది. అందుకే లోడింగు సెక్షన్‌లో ఐదుగురు ఆజానుబాహువుల్ని ఏరుకొచ్చి, బుట్ట కిందికి దూసుకెళ్లి వేయడమే నేర్పాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మా బావమరిది మాత్రం వినడు. పాలిష్ పనివాడు, బక్కప్రాణి. మధ్యాహ్నం క్యారేజీ మూత పెట్టగానే షెడ్డుకు పోయి, ఆ చివర నిలబడి, దూలం కిందుగా బంతిని తిన్నగా బుట్టకేసి విసురుతుంటాడు. పదిలో నాలుగు పడతాయి. మిగతావి రింగుకు కొట్టుకుని ఎటో పోతాయి. వాటిని ఏరి తెచ్చేది బీరువాలు మోసే నిచ్చెన. జట్టులో అందరికంటే పొడుగని వాడికా పేరు.

"మా తమ్ముణ్ణి ఆడించరేం?" అంది మా ఆవిడ.

"ఆడిస్తే బావమరిదని ఆడించానంటారు."

"ఆడించకపోతే నేనేమంటానో తెలుసుగా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంతలో యజమాని ఓ మాట అన్నాడు. ఆదివారం బిస్కెట్ల ఫ్యాక్టరీ మీద గెలవకపోతే షెడ్డులో సోఫాలు పేర్పిస్తాడట. చెప్పుకోడానికి సిగ్గెందుకు, రోజు మొత్తంలో నేను సంతోషంగా ఉండేది ఆ షెడ్డులో ఆడించే గంటే.

ఆదివారం ఆట పెద్ద హాల్లో. బిస్కెట్ల వాళ్లు గడుసువాళ్లు. మా సంగతి పసిగట్టి ఐదుగురూ బుట్ట కిందే పాతుకుపోయారు. మా ఐదుగురూ అక్కడే. నిచ్చెన చెయ్యెత్తితే ఎదురుగా నాలుగు చేతులు లేస్తున్నాయి. మూడు నిమిషాలు మిగిలాయనగా ఆరు పాయింట్లు వెనకబడ్డాం.

నిచ్చెన రొప్పుతూ వచ్చాడు. "మేస్త్రీ గారూ, అక్కడ ఊపిరాడ్డం లేదు. పాలిష్‌ని దింపండి."

"వాడు వేస్తే పడతాయేంట్రా?"

"అన్నీ పడక్కర్లేదండీ. వేస్తాడని వాళ్లు భయపడితే చాలు."

దింపాను. వాడు దూరం నుంచి మొదటి బంతి వేశాడు. పడింది, మూడు పాయింట్లు. బిస్కెట్ల వాళ్లు కంగారుపడి ఇద్దర్ని వాడి మీదికి తోలారు. బుట్ట కింద చోటు దొరికింది, నిచ్చెన రెండు పాయింట్లు వేశాడు. ఇక ఒక్క పాయింటే తేడా, క్షణాలే మిగిలాయి. బంతి మా వాడి చేతికొచ్చింది. అలవాటుకొద్దీ వంగి, తిన్నగా విసిరాడు.

"ఒరేయ్, ఇక్కడ దూలం లేదురా!" అని అరిచాను.

బంతి రింగుకు ఠంగున తగిలి వెనక్కి ఎగిరింది. బుట్ట కింద అందరూ నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నారు. నిచ్చెన మాత్రం అప్పటికే నాలుగడుగులు వెనక్కొచ్చి నిలబడ్డాడు. బంతి నేరుగా వాడి చేతుల్లోకే వచ్చింది. రెండంగల్లో వెళ్లి బుట్టలో వేశాడు. గంట మోగింది.

"అక్కడికే వస్తుందని నీకెలా తెలుసురా?" అన్నాను.

"మూడేళ్లుగా ఏరుతున్నాగా, మేస్త్రీ గారూ."

ఆ మూడేళ్లూ మధ్యాహ్నాలు వాళ్లిద్దరూ జట్టు కడుతుంటే, గోల ఆపండని కసిరింది నేనే.

సోమవారం క్యారేజీ మూత పెట్టి షెడ్డుకు వెళ్లాను.

"ఏంటి బావా, ఇలా వచ్చావు?"

"నువ్వు వెయ్యరా," అన్నాను. "ఇవాళ బంతులు నేనేరతాను."