ఆగడం ఎవరూ వినని బండి

గురువారం పొద్దున ఇర్మా ఫోన్ చేసింది. సెర్వాస్ అప్పుడే స్కూలు పిల్లల్ని దింపి, డిపోలో బస్సు కడుగుతున్నాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆవిడ అతనికి ఫోన్ చెయ్యడం అదే మొదలు.

"ఒరే సెర్వాస్, నేనురా, ఇర్మా అత్తని. మా షెడ్డులో గోరిక్ బండి ఉంది చూడు. దాన్ని నువ్వు ఒకసారి నడపాలి."

అతను పైపు కట్టేశాడు. "అమ్మేద్దామనా అత్తా?"

"అమ్మడానికి కాదు. నడిపి, ఆపాలి. ఆపుతుంటే నేను వినాలి. ఆ రోజు అది ఆగడం నేను వినలేదు."

సెర్వాస్ తడి చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. ఆదివారం వస్తానన్నాడు.

గోరిక్ ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. సెర్వాస్, గోరిక్ పక్క పక్క ఇళ్లలో పుట్టారు. రెండు పెరళ్లకూ వెనక పైన్ చెట్లు, చెట్ల వెనక ఇసుక ట్రాకు. ఆ ఊళ్లో మగపిల్లలకి సైకిలు తరవాత మోటారు బండి. ఆడవాళ్లు మొదట్లో వద్దని అరిచేవాళ్లు, తరవాత అలవాటు పడేవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం సెర్వాస్ తల్లి రోజెట్, గోరిక్ తల్లి ఇర్మా ఒకరింట్లో కాఫీ పెట్టుకుని, బియ్యప్పాయసం పోసి కాల్చిన ఆ గుండ్రటి రొట్టె కోసుకుని కూర్చునేవాళ్లు. మాటలు నోటితో. చెవులు మాత్రం చెట్ల వెనకే.

చెట్ల చాటున ఏమీ కనపడదు. వినడమే. సెర్వాస్‌ది టూ స్ట్రోక్. కందిరీగ చెవిలో దూరినట్టు కీచుమంటూ పోయేది. గోరిక్‌ది ఫోర్ స్ట్రోక్. అది గుబగుబమని, ఖాళీ పీపా మీద ఎవరో గుద్దుతున్నట్టు వచ్చేది. ఏ చప్పుడు ఎవరి కొడుకో ఇద్దరికీ తెలుసు. కందిరీగ ఆగితే రోజెట్ కప్పు కింద పెట్టేది. గుబగుబ ఆగితే ఇర్మా పెట్టేది. మళ్లీ మొదలయ్యాక తీసుకునేవాళ్లు.

ఆ రెండు బళ్ల మీద ఆ కుర్రాళ్లు పడిన వాదం ఇంతా అంతా కాదు. శనివారం సాయంత్రం ఆలుగడ్డ వేపుడు అమ్మే బండి దగ్గర నిలబడితే చీకటి పడేదాకా అదే గోల.

"నీది అరుస్తుంది బావా, పరుగెత్తదు," అనేవాడు గోరిక్. "పొగ మాత్రం ఊరంతటికీ పంచుతావు."

"నీది బండేనా? మీ తాత ట్రాక్టరు. కింద పడితే లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి."

"ఎందుకు లేపడం? నేను పడనుగా."

"నాది విప్పితే పిస్టను, రింగు, అంతే. నీది విప్పితే గడియారం. ఆ వాల్వులు బిగించుకునేసరికి నీకు గడ్డాలు నెరుస్తాయి."

"అందుకేనేమో నువ్వు వారం వారం విప్పుతున్నావు."

వేపుడు అమ్మే ఆవిడ గరిటె తిప్పుతూ అనేది: "ఆ నూనె కంపుతో మీ ఇద్దరికీ పిల్లనెవరిస్తార్రా? ముందు అది తేల్చుకోండి."

నిజానికి ఇద్దరి మాటా నిజమే. టూ స్ట్రోక్‌కి అడుగున బలం ఉండదు. యాక్సిలరేటర్ తిప్పుతూ ఉంటే ఏమీ లేదు, ఏమీ లేదు, ఉన్నట్టుండి వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఎగిరిపోతుంది. తేలిక బండి. మనిషి దాన్ని ఒళ్లంతా పెట్టి ఆడించాలి. ఒక్క క్షణం ఏమరితే అది మనిషిని ఆడిస్తుంది. ఫోర్ స్ట్రోక్ అలా కాదు. మొదటినుంచే తాడు కట్టి లాగినట్టు లాగుతుంది. మెత్తటి ఇసుకలోనూ మునగదు. ఇంకో సంగతి, యాక్సిలరేటర్ వదిలితే ఆ ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. టూ స్ట్రోక్ ఆపదు. వదిలినా అలాగే జారిపోతుంది. బ్రేకు మీదే బతకాలి.

ఆ సంగతి గోరిక్‌కి తెలియక కాదు. చెవికి తెలుసు. చేతికి తెలియదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఇద్దరూ బళ్లు మార్చుకున్నారు. వాదం తేలాలంటే అదొక్కటే దారి అన్నాడు సెర్వాస్. ఒక్క రౌండు. తరవాత దిగి, ఏది మంచిదో నిజం చెప్పాలి. ట్రాకులో ఇంకెవరూ లేరు. కాపలా ముసలాయన తన గదిలో పేపరు చదువుకుంటున్నాడు. సెర్వాస్ ముందు బయల్దేరాడు, గోరిక్ వెనక.

సగం రౌండు కాకముందే సెర్వాస్‌కి అర్థమైంది. తను ఓడిపోయాడు. ఆ బండి కింద ఇసుక ఉన్నట్టే లేదు. మలుపు తిరిగి బయటికి వస్తుంటే ఎవరో నడుం పట్టుకుని ముందుకు తోస్తున్నట్టుంది. హెల్మెట్టులో నవ్వుకున్నాడు. రౌండు పూర్తయింది. ఆగాలి. ఆగితే గోరిక్ ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఇంకొక్కటి అనుకున్నాడు. మధ్యలో ఒకసారి వెనక్కి చూశాడు. దారి ఖాళీగా ఉంది. బావ వెనకబడ్డాడు అనుకుని సంతోషపడ్డాడు. అలా ఆరు రౌండ్లు తిరిగాడు.

గోరిక్ మొదటి రౌండులోనే పోయాడు. దూరపు మూల గుట్ట ముందు అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ వదిలాడు. బండి తగ్గలేదు. గుట్ట ఎక్కి, దారి దాటి, చెట్ల మధ్య పల్లంలో పడ్డాడు. ట్రాకు మీదనుంచి ఆ పల్లం కనపడదు. మెడ విరిగింది, ఆ క్షణమే పోయాడు అని డాక్టరు తరవాత అన్నాడు.

కుక్కని తిప్పుతున్న ఒకాయన చూసి, కాపలా గదికి పరుగెత్తాడు. ఆయన పొరుగూరి మనిషి. చెట్టు కింద పిల్లవాడు పడున్నాడు, బండి మీద అరవై ఒకటి అని ఉంది, అన్నాడు. ఆ ట్రాకులో మనిషిని పేరుతో కాదు, నంబరుతో ఎరుగుదురు. అరవై ఒకటి అంటే సెర్వాస్. కాపలా ముసలాయన అంబులెన్సుకి ఫోన్ చేసి, వెంటనే రోజెట్ ఇంటికి చేశాడు. అప్పుడు గుట్ట వైపు పరుగెత్తాడు.

సెర్వాస్‌కి తెలిసింది ఇంతవరకే. అంబులెన్సు దీపాలు చూసి ఆగాడు. చూడాల్సింది చూశాడు. హెల్మెట్టు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచి, వంటింటి తలుపు తీశాడు. లోపల అతని తల్లి కుర్చీలో ముడుచుకుని ఏడుస్తోంది. ఇర్మా పక్కన నిలబడి ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసుంది. రోజెట్ తలెత్తి కొడుకుని చూసి కేక పెట్టి లేచింది. ఇర్మా అతని వంక చూసింది. ఆ తరవాత చెట్ల వైపు చూసింది. చెట్ల వెనక ఏ చప్పుడూ లేదు.

అప్పటినుంచి సెర్వాస్ బండెక్కలేదు. బస్సు నడిపేటప్పుడు అద్దంలో వెనక రోడ్డు ఖాళీగా కనిపిస్తే మాత్రం కాలు యాక్సిలరేటర్ మీదనుంచి లేచేది. వెనక ఏదైనా కారు వచ్చేదాకా నెమ్మదిగా పోయేవాడు. స్కూలు పిల్లలు అతన్ని నత్త అనేవాళ్లు.

ఆదివారం వెళ్లాడు. షెడ్డులో బండి దుప్పటి కింద ఉంది. పెట్రోలు ఎండి జిగురైపోయింది. కార్బురేటర్ పూడుకుపోయింది, టైర్లు రాయిలా ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్లి మూడు వారాలు దాన్ని బాగుచేస్తూ కూర్చున్నాడు. నాలుగో ఆదివారం మధ్యాహ్నం తెచ్చి పెరట్లో నిలబెట్టాడు.

ఇర్మా గోడవార కుర్చీ వేసుకుని, కోటు తొడుక్కుని కూర్చుంది. పక్కిల్లు తలుపులు మూసి ఉంది. రోజెట్ పోయిన చలికాలంలోనే పోయింది.

"ట్రాకు మూసేశారు కదత్తా. పోలీసులు వస్తారేమో."

"రానీ. కాఫీ ఇస్తా."

"నీకు ఆ చప్పుడు... రోజూ వినిపిస్తుందా?"

"ఆదివారం ఒక్కపూటే. నాలుగింటికి మొదలవుతుంది. గుబగుబమని వచ్చి, పోయి, మళ్లీ వస్తుంది. డాక్టరు చెవులు కడిగాడు. మాత్రలిచ్చాడు. మాత్రలేసుకుంటే నిద్రొచ్చింది గానీ అది ఆగలేదురా."

అతను కిక్కు రాడ్ని మెల్లగా నొక్కి, బిగువు తగిలేచోట ఆగి, అక్కణ్నుంచి ఒళ్లంతా వేసి తన్నాడు. నాలుగోసారికి అందుకుంది. గోడ మీద కిటికీ అద్దం అదిరింది. ఇర్మా కళ్లు మూసుకుంది.

ట్రాకంతా గడ్డి మొలిచింది గానీ దారి తెలుస్తూనే ఉంది. సెర్వాస్ మెల్లగా ఒక రౌండు తిరిగాడు. బండి అప్పటిలాగే లాగింది. అది చూసి అతనికి భయం వేసింది. అంత పాతబడీ అది ఏమీ మరిచిపోలేదు. రెండో రౌండులో వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ దారి. తను లేపిన దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది. దూరపు గుట్ట దగ్గర ఆగి, ఇంజను కట్టేశాడు. చెట్లు, ఇసుక, ఎక్కడో ఒక పిట్ట. అంతకుమించి ఏమీ వినపడలేదు. హెల్మెట్టు తీసి కాసేపు నిలబడి, బండిని తోసుకుంటూ వెనక్కి నడిచాడు.

పెరట్లోకి వచ్చేసరికి ఇర్మా అలాగే కూర్చుని ఉంది. చెట్ల వైపే చూస్తూ వేలెత్తి, ఉండమన్నట్టు చూపించింది.

"ఎంతసేపురా తిరుగుతావు?"

సెర్వాస్ బండిని ఆవిడ ముందు నిలబెట్టాడు. "ఆపేశానత్తా. పది నిమిషాలైంది. ఇదిగో, నా చేతిలోనే ఉంది."

ఆవిడ బండిని చూసింది, చెట్ల వైపు చూసింది. "మరి అదెవరు?"

అతను ఆవిడ చెయ్యి పట్టుకుని, కోటు చెంగు మడిచి అడ్డం పెట్టి, ఇంజను మీద ఆనించాడు. వేడి గుడ్డలోంచి తగిలింది. చల్లారే ఇనుము టిక్కు టిక్కుమంటోంది.

"ఇది చల్లబడేదాకా ఉంచు. నేనూ కూర్చుంటా."

నేల మీద కూర్చున్నాడు. అప్పుడు అతను ఇరవై ఒక్క ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

"అత్తా, ఒక్క రౌండే అనుకున్నాం. నేను ఆరు తిరిగాను."

ఆవిడ చెయ్యి తియ్యలేదు. "ఎందుకు?"

"బాగుంది. ఆపితే వాడి బండే మంచిదని ఒప్పుకోవాలి. ఆ మాట ఎలా తప్పించుకుందామా అని తిరుగుతూనే ఉన్నా. వాడక్కడ పడున్నాడు. నేను నవ్వుకుంటూ తిరిగాను."

"ఆరా," అంది ఇర్మా. "నేను నాలుగు విన్నాను. ఫోన్ వచ్చాక నాలుగు. ఒక్కోటి వచ్చినప్పుడల్లా మీ అమ్మని గట్టిగా పట్టుకునేదాన్ని. ఊరుకో వదినా, ఊరుకో, అనేదాన్ని. లోపల ఏమనుకునేదాన్నో తెలుసా? హమ్మయ్య, నా వాడు తిరుగుతున్నాడు, అని. ఆవిడ నా చెయ్యి తడిసేలా ఏడుస్తోంది, నేను నాలుగు సార్లు హమ్మయ్య అనుకున్నాను." కోటు చెంగు సవరించుకుంది. "ఆ ముక్క మీ అమ్మతో చెప్పి, క్షమించమందామని ఎన్ని ఆదివారాలు కాఫీ పోశానో. కప్పు నింపడం, ఊరుకోవడం. పోయింది మనిషి."

"అమ్మ నిన్నేమీ అనుకోలేదత్తా."

"చెప్పందే ఎలా అనుకుంటుంది?" ఇంజను మీద చెయ్యి సర్దుకుంది. "నువ్వు ఒక్క రౌండుకే ఆగి ఉంటే..."

సెర్వాస్ తల వంచుకున్నాడు. ఏ మాట వచ్చినా పడదామనే వచ్చాడు.

"...నాకు ఆ నాలుగూ ఉండేవి కావు. పన్నెండు నిమిషాలు. అవి మంచివో పాపిష్టివో నాకు తెలియదు. వాడు పోయాక కూడా నా దగ్గర బతికున్న ముక్క అదొక్కటే. నువ్విచ్చావు. తిట్టాలో ఏం చెయ్యాలో తెలియడం లేదురా నాకు."

టిక్కు టిక్కు దూరదూరమైంది. ఆవిడ కోటు చెంగు తీసేసి, వట్టి అరచెయ్యి ఇనుము మీద పెట్టింది. ఎండ గోడ మీదికి జరిగింది. ఆవిడ మొహంలో బిగువు కొద్ది కొద్దిగా వదిలింది, నిద్రపోయే పిల్ల గుప్పిట తెరుచుకున్నట్టు.

"చల్లబడింది," అంది. తల పక్కకి వంచి విన్నది. మళ్లీ విన్నది. "ఆగిందిరా. నీకూ తెలుస్తోందా? ఆగింది."

"ఆగిందత్తా," అన్నాడు సెర్వాస్.

పైన్ చెట్ల వెనక, ఇప్పుడు అతని చెవులకి మాత్రమే, అది గుబగుబమంటూ దూరపు మలుపు తిరిగి, గేరు మార్చుకుని, మళ్లీ అందుకుంది. అతను చెట్ల వైపు చూడలేదు. ఆవిడ అరచేతికి అంటిన మసి తుడవడానికి జేబులో గుడ్డ కోసం వెతికాడు.