గాజులు ఎవరి కొంగులో

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో వచ్చే ఆదివారం నాడు మా సమాజంలో ఆడబిడ్డలకూ కోడళ్ళకూ కబడ్డీ పోటీ ఉంటుంది. సూరత్‌లో పుట్టి పెరిగిన ఆడపిల్లలది ఒక జట్టు. సిరిసిల్ల నుంచో జగిత్యాల నుంచో పెళ్ళయి వచ్చిన మాది ఇంకో జట్టు. ఓడినవాళ్ళు చివరి రోజు, సద్దుల నాడు, గెలిచినవాళ్ళ కోసం మలీద ముద్దలు చెయ్యాలి. వరసగా మూడేళ్ళు మేమే చేశాం. రొట్టెలు నలిపీ నలిపీ అరచేతులు మండిపోతుంటే, ఆడబిడ్డలు వరండాలో కాళ్ళు జాపుకుని కూర్చుని, "వదినా, బెల్లం జర తక్కువైంది" అంటారు.

గాజులతో కబడ్డీ ఆడితే ఒకరివి ఒకరికి గుచ్చుకుంటాయి. తీసి పక్కన పెడదామంటే, పండుగపూట బోసిచేతులేమిటని పెద్దవాళ్ళు ఊరుకోరు. అందుకని మా సమాజం ఆడవాళ్ళు ఎప్పుడో ఒక మార్గం కనిపెట్టారు. ఆడబిడ్డ తన గాజులు తల్లి కొంగులో వేస్తుంది, కోడలు అత్త కొంగులో వేస్తుంది. ఆట అయ్యేదాకా ఆ పెద్దవాళ్ళు గాజులు మూటగట్టి ఒళ్ళో పెట్టుకుని గీత పక్కనే కూర్చుంటారు. అలా ఉన్నంతసేపూ అవి చేతికి ఉన్నట్టే. గీత పక్కన కూర్చున్నారు కాబట్టి ఇంకో పని కూడా వాళ్ళ మీద పడింది. ఔటా కాదా అని తగాదా వచ్చినప్పుడు, ఆ పిల్ల గాజులు ఎవరి కొంగులో ఉన్నాయో ఆవిడ లేచి, పేరు పెట్టి తీర్పు చెప్పాలి. ఆ మాటకు తిరుగులేదు. అందరి ముందూ తల్లి అబద్ధమాడదని నమ్మకం. ఆడినవాళ్ళు లేకపోలేదు కానీ, వాళ్ళను మర్నాడు నల్లా దగ్గర ఎవరూ పలకరించరు.

ఈ ఏడు ఆడబిడ్డల జట్టులో ఆడతానని మా కరుణ పేరిచ్చింది.

కరుణ నా భర్త రాంప్రసాద్‌కు తోడబుట్టింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు మరిది. మూడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం నాతో కలిసి బెండకాయలు తుడుస్తూ, "వదినా, నేను ఆడిదాన్ని. చిన్నప్పటిసంది ఎరుకే, చెప్పనీకి ధైర్యం సాలలె" అంది. తరవాత డాక్టర్లూ, మందులూ, పేరు మార్పూ అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. ఇప్పుడు ఉధ్నాలో చీరలకు లేసు కుట్టే కార్ఖానాలో పని చేస్తోంది. నా జాకెట్ల కుట్టు సరిగా లేదని దెప్పుతుంది. ఆ విషయంలో తనదే నిజం.

మా అత్తగారు భూదేవమ్మ పెద్దగా గొడవేమీ చెయ్యలేదు. ఏడవలేదు, ఇంట్లోంచి పొమ్మనలేదు. పేరు పిలవడం మాత్రం మానేసింది. పాత పేరు నోటికి రాదు, కొత్తది రానివ్వదు. వంటింట్లో రెండు జానల దూరంలో కూర్చున్న మనిషి గురించి నన్ను అడుగుతుంది.

"నీరజా, ఛాయ్ తాగుతదేమో అడుగు."

"తాగుతనని చెప్పు, వదినా."

"చక్కెర తక్కువ ఎయ్యాల్నా?"

"ఎప్పుడన్న తక్కువ ఎయ్యమన్ననా అని అడుగు."

మూడేళ్ళుగా ఆ ఇంట్లో నేను కోడలినీ, టెలిఫోనునూ.

పేర్లు ఇచ్చే రోజు అందరం డిండోలిలో సమాజం వాడిలో చేరాం. ఇక్కడ సంఘం హాలును వాడి అంటారు. కరుణ పేరు వినగానే మా కోడళ్ళ కెప్టెన్ ప్రమీలక్క లేచింది.

"నేనొప్పుకోను. నాకు కరుణ మీద కోపం లేదు. మొన్న నా చీరకు లేసు గూడ ఆమెనే కుట్టింది. గని ఇది కబడ్డి."

సమాజం అధ్యక్షుడు లింగమూర్తి కాకాకు ఎవరినీ నొప్పించకుండా బతకాలని కోరిక. గడ్డం గోక్కుని ఒక ఉపాయం చెప్పాడు. "గట్లయితే కరుణను ఆటల అరటిపండు చేద్దాం. అందరితోని ఆడుతది. ఆమె ముట్టుకుంటె ఎవరు ఔట్ గారు, పట్టుకుంటె ఆమె ఔట్ గాదు. అందరు ఖుష్."

కరుణ అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉంది. "కాకా, నాకేమన్న నాలుగేండ్లా? ఔట్ గాకుంట ఆడుడేంది? వట్టిగ ఉరుకుడే గావాల్నంటె స్టేషన్ల బండి ఎనుక ఉరుకుత."

"మరి బరువు తూకం చూద్దాం" అంది ప్రమీలక్క. "పక్కన దారం గోదాంల కాంటా ఉన్నది. ఎక్కమను. ఎంత మనిషో తెలుస్తది."

"ఎక్కుత. పదుండ్రి."

అందరూ లేచారు. కొలత పెట్టాలంటే అందరికీ ఒకటే కొలత ఉండాలి కదా అని నాకు తోచింది. ఆ మాటే అన్నాను. "తూకమంటె రెండు జట్ల అందరిని తూయాలె అక్కా. ఒక్కదాన్నే తూస్తె ఏమి తెలుస్తది?"

లేచినవాళ్ళు అక్కడే ఆగారు. గోదాం గుమ్మంలో మగవాళ్ళు బీడీలు తాగుతూ నిలబడ్డారు. వాళ్ళలో కొందరు మా భర్తలే. మా జట్టుకు కొండంత అండ ఐలమ్మ. ఆవిడ పట్టుకుంటే ఇంతవరకూ ఎవరూ విడిపించుకోలేదు. ఆవిడ కొంగు సర్దుకుంటూ మెల్లిగా అంది. "నాకు ఇయ్యాల ఉపాసం. ఉపాసమున్ననాడు తూకం సరిగ రాదట."

"ఏం, తక్కువ వస్తదా?" అంది కరుణ.

"ఎక్కువ వస్తది. గాలి వట్టి."

వాడి అంతా నవ్వింది. కాంటా మాట అక్కడితో పోయింది. కానీ ప్రమీలక్క నవ్వలేదు.

"నవ్వుకోండ్రి. పోయినేడు ఆటల నా బుజం జారినప్పుడు ఎవరు నవ్వలె. నెల రోజులు బిడ్డను సంకకెత్తుకోలేకపోయిన. కరుణ ఇరువై ఏండ్లు వచ్చేదాక మొగపిల్లలతోని భేస్తాన్‌ల కబడ్డి ఆడింది. గా బలం ఒంట్లకెళ్లి యాడికి పోతది? నాకు గదొక్కటి చెప్పుండ్రి."

అది పుల్లవిరుపు మాట కాదు, నొప్పి తెలిసిన మనిషి అడిగిన మాట. పెద్ద పెద్ద పోటీల వాళ్ళే దీని మీద ఒక్కో ఆటకు ఒక్కో నియమం పెట్టుకుంటున్నారనీ, పెట్టినవి మళ్ళీ మార్చుకుంటున్నారనీ నేను పేపర్లో చదివాను. వాళ్ళకు తేలనిది మా వాడిలో అరగంటలో తేలుతుందనుకోలేదు.

కరుణే జవాబు చెప్పింది. "గోలీలు మింగవట్టి మూడేండ్లు, వదినా. ముందుగాల సిలిండర్ నేనే ఎత్తేదాన్ని, ఇప్పుడు అన్న ఎత్తుతున్నడు. ఎత్తుకుంట గులుగుతున్నడు. గని బలం మొత్తం పోయిందని నేను ఒట్టు వెయ్యనీకి రాదు. నాకు తెల్వది. మీరే పట్టి చూడుండ్రి. పట్టరాకపోతె నేనే ఇంట్ల కూసుంట."

వెనక ఖాళీ స్థలంలోకి వెళ్ళాం. కరుణ కూతకు వస్తుంటే కోడళ్ళం వంతులవారీగా పట్టుకోవాలని ఒప్పందం. కొత్త కోడళ్ళు ఇద్దరు పట్టుకోలేకపోయారు. వాళ్ళు ఎవరినీ పట్టుకోలేరు, అది వేరే సంగతి. నేను నడుము పట్టుకుంటే జారిపోయింది. ఐలమ్మ పట్టుకున్నాక కరుణ కూత మధ్యలోనే "అమ్మో, ఇడువు" అంది. ప్రమీలక్క మొదటిసారి తప్పింది. రెండోసారి భుజం వాడకుండా చీలమండ దగ్గర గట్టిగా ఒడిసి పట్టింది. కరుణ బోర్లా పడి, మన్ను ఉమ్ముతూ నవ్వింది.

ప్రమీలక్క చేతులు దులుపుకుంది. ఆడబిడ్డల జట్టులో సంతోషి అని జిల్లా స్థాయిలో ఆడే పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్ల వైపు ఒకసారి చూసి, "సంతోషి కంటె గట్టిది గాదు. తక్కువ గూడ గాదు" అంది. "ఈయేడు ఆడనియ్యుండ్రి. వచ్చేయేడు మళ్ల చూద్దాం. గని కాలు దొరికితె మాత్రం నేను ఇడువ."

"ఇడువమని ఎవలన్నరు?" అంది కరుణ.

ఇంటికి నడుస్తుంటే దారిలో పక్క సొసైటీలో గర్బా పాటలకు స్పీకర్లు సరిచూస్తున్నారు. కరుణ నా చెయ్యి పట్టుకుని ఆపింది. చేతి నిండా ఆకుపచ్చ గాజులు, పండుగకని కొన్నవి.

"అన్నీ అయినయి గని వదినా, ఇవి ఎవలకియ్యాలె?"

అమ్మ లేనివాళ్ళ గాజులు సమాజంలో పెద్దావిడ ఎవరైనా పట్టుకుంటారని నాకు తెలుసు. అడిగితే ప్రమీలక్క అత్తగారైనా పట్టుకుంటుంది. ఆ మాట అంటే కరుణ తల అడ్డంగా ఊపింది.

"అమ్మ ఆడ కూసోని ఉండంగ ఇంకొగల కొంగుల ఎట్లేస్త? అమ్మ పట్టకపోతె ఆటకే రాను. నువ్వు అడగకు. నీతోని అడిగిపిచ్చుడు బందు. ఆమెకే తెల్వాలె."

ఆదివారం పొద్దున్నే మైదానం సిద్ధమైంది. మా వాళ్ళు ముగ్గుతో గీతలు గియ్యరు. మగ్గాల దగ్గర మిగిలిపోయిన దారం పేని, మేకులు కొట్టి లాగి కడతారు. ఈ ఏడు మధ్యగీతకు ఎర్రదారం దొరికింది. దాని చివర చాప పరుచుకుని తల్లులూ అత్తలూ కూర్చున్నారు.

నేను వెళ్ళి మా అత్తగారి ముందు వంగాను. కొంగు చాపింది. నా గాజులు వేశాను. పక్కకు జరిగాను కానీ నా స్థానంలోకి వెళ్ళలేదు, చున్నీ నడుముకు బిగించుకుంటున్నట్టు అక్కడే నిలబడ్డాను. కరుణ వచ్చింది. ఒక్కో గాజూ తీసి అరచేతిలో పెట్టుకుని, తల్లి ముందు చాపి నిలబడింది. మా అత్తగారు ముఖం ఎత్తలేదు. ఆ చేతినే చూస్తూ కూర్చుంది. లింగమూర్తి కాకా ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా తీసేశాడు.

మా అత్తగారు నా గాజులున్న కొసను ముడివేసింది. మిగిలిన కొంగు విప్పి చాపింది.

"ఎయ్యి మరి. ఎండ ఎక్కుతాంది."

ఆ మాట నాతో అనలేదు. మూడేళ్ళలో నా ద్వారా వెళ్ళని మొదటి మాట అది. కరుణ గాజులు వేసి ఒక్క పరుగున మైదానంలోకి పోయింది.

ఆట సంగతి ఎక్కువ చెప్పను. సంతోషి మమ్మల్ని బాగా ఏడిపించింది. ఐలమ్మ సంతోషిని ఏడిపించింది. కరుణ రెండుసార్లు ఔటయింది, ముగ్గురిని ఔట్ చేసింది. ప్రమీలక్క భుజం భద్రంగానే ఉంది. చివరికి రెండు జట్లూ సమానంగా వచ్చి ఆగాయి. మిగిలింది ఒక్క కూత. కరుణ వచ్చింది.

"కబడ్డీ కబడ్డీ" అంటూ నా వైపే వచ్చింది. వదిన కాలు తక్కువ కదులుతుందని దానికి తెలుసు, ఒకే ఇంట్లో ఉంటాం కదా. దానికి ఎడమకాలు ముందు పడుతుందని నాకూ తెలుసు. నన్ను తాకి వెనక్కి తిరిగేలోగా ఎడమ చీలమండ పట్టేశాను. మోకాళ్ళు గీరుకుపోయినా విడవలేదు. మూడేళ్ళ మలీద అంతా నా వేళ్ళలోకి వచ్చింది. కరుణ నన్ను ఈడ్చుకుంటూ పాకి, చెయ్యి చాపింది. దుమ్ము లేచింది. కూత ఆగింది. ఎర్రదారం ఊగుతోంది.

"అందింది" అంది కరుణ.

"అందలె" అన్నాను.

"దారం ఊగుతాంది, కనవడ్తలేదా?"

"గాలికి ఊగుతాంది."

"ఆకు కదుల్తలేదు, నీకు గాలి యాడికెళ్లొచ్చింది వదినా?"

రెండు జట్లూ మీదికొచ్చాయి. లింగమూర్తి కాకా ఎటు చూసినా ఎవరో ఒకరు నొచ్చుకునేలా ఉన్నారు. అతనికి నియమం గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. "గాజులెవరి కొంగుల ఉన్నయి? భూదేవమ్మా, నువ్వు చెప్పు."

మా అత్తగారి ఒళ్ళో రెండు మూటలున్నాయి. ఒకటి నాది, ఒకటి కరుణది. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ దారం వైపు చూసి, "అందలె" అంది.

"అట్ల గాదమ్మా, లేషి పేరు వెట్టి చెప్పాలె. ఆనవాయితి."

కరుణ మన్నులో మోచేతుల మీద లేచి తల్లి వైపు చూసింది. ఔటో కాదో ఆ క్షణంలో దానికి పట్టినట్టు లేదు. నేను ఇంకా కాలు పట్టుకునే ఉన్నాను, విడవడం మరిచిపోయి.

మా అత్తగారు రెండు మూటలూ ఒక చేత్తో పొట్టకు అదుముకుని లేచింది.

"కరుణా" అంది. మళ్ళీ, మైదానం చివర దాకా వినబడేలా, "కరుణా, నీ ఏలు దారానికి జానెడు దూరముండె. నేను చూసిన. ఔటయినవ్. బయటికి రా."

మా జట్టు అరుపులకు పక్క సొసైటీలో కుక్కలు లేచాయి. ప్రమీలక్క నన్ను ఎత్తబోయి, భుజం గుర్తొచ్చి మానేసింది. కరుణ లేవలేదు. కాసేపు చేతుల్లో ముఖం పెట్టుకుని అలాగే పడుకుంది. లేచేసరికి కళ్ళకింద దుమ్ము తడిసి చారలు కట్టింది. కానీ నోరు ఆరోగ్యంగానే ఉంది.

"జానెడెక్కడిదమ్మా? ఇంచు గూడ లేదు. నీ కోడలి దిక్కు మాట్లాడినవ్."

"నాకు ఇద్దరు ఒకటే."

"ఒకటే అయితె నా దిక్కు మాట్లాడాలె గద, నేను నీ బిడ్డను."

"గందుకే చెప్తున్న. సద్దులనాడు మలీద నువ్వే చెయ్యాలె. బెల్లం తక్కువ ఎయ్యకు." మా అత్తగారు చాప మీద కూర్చుని మూటలు విప్పింది. "చెయ్యియ్యి."

కరుణ గొణుగుతూనే చెయ్యి చాపింది. ఆకుపచ్చ గాజులు మెటికల దగ్గర పట్టేశాయి. మా అత్తగారు బొటనవేలు లోపలికి మడిచి, ఉమ్మితో తడిపి, ఒక్కొక్కటే ఎక్కించింది. నేను నా చేతులు చాపుకుని చాలాసేపు వెనక నిలబడ్డాను. చివరికి నా మూట నా చేతికే ఇచ్చి, తల తిప్పకుండా, "నీరజా, నువ్వు ఏసుకో" అంది.