ముళ్లకాయ పెట్టిన కుర్చీ

పాతకాలపు బొమ్మరిళ్లు చూసొద్దామని ఆడబిడ్డ రోవెనా బతిమాలగా బతిమాలగా మ్యూరియల్ బయలుదేరింది. భర్త క్లెమెంట్ పక్షవాతంతో మంచాన పడ్డాక ఆమె ఊరు దాటడం అదే మొదలు. సూప్ ఎప్పుడు పట్టాలో, ఎటు ఒత్తిగిలించాలో పొరుగావిడకు చెప్పిందే చెప్పి మరీ వచ్చింది.

యార్క్‌షైర్‌లో ఒకప్పుడు ప్రభువులున్న భవంతి అది, ఇప్పుడు మ్యూజియం. మేడమీద గదిలో అద్దాల వెనక బొమ్మరిళ్లు నిలువెత్తున ఉన్నాయి. గోరంత కెటిల్‌నీ, బఠాణీగింజంత రొట్టెనీ చూసి రోవెనా మురిసిపోయింది. మ్యూరియల్ చూపు మాత్రం వాటిలోని బుల్లి మంచాల మీద మడత నలగని దుప్పట్ల దగ్గరే ఆగింది. ఇవన్నీ ఎవరు తుడుస్తారని గదికి కాపలా ఉన్న పెద్దాయనను అడిగింది. ఏటా చలికాలంలో ప్రతి వస్తువూ బయటికి తీసి, కుంచెతో దులిపి, మళ్లీ ఉన్నచోటే పెడతామని ఆయన గర్వంగా చెప్పాడు.

"చెంచాలు కూడానా?"

"చెంచాలు కూడానండీ."

క్లెమెంట్‌కు పూటపూటా సూప్ పట్టే చెంచా గుర్తొచ్చి ఆమె అద్దం దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. గోడవార పట్టు కుర్చీ ఒకటుంది. ఎవరూ కూర్చోకుండా దానిమీద ఎండిన ముళ్లకాయ పెట్టారు. మ్యూరియల్ దాన్ని తీసి కిటికీలో పెట్టి, కూలబడింది.

రోవెనాకు తల కొట్టేసినట్టయింది. "లే వదినా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. లేవలేను రోవెనా. ఇంక నావల్ల కాదు."

ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఫోన్ చేసినప్పుడల్లా బాగానే నెట్టుకొస్తున్నామని వదిన అంటే రోవెనా నమ్మింది. నమ్మితే సుఖంగా ఉండేది కాబట్టి నమ్మింది.

పెద్దాయన తలుపు దగ్గరున్న తన మడత కుర్చీ తెచ్చి, మ్యూరియల్‌ను జాగ్రత్తగా అందులోకి మార్చి, తాను నిలబడ్డాడు. రోవెనా ఆమె పక్కనే నేలమీద చతికిలబడింది.

"శుక్రవారాలు నేనొస్తాను. అన్నయ్యను నేను చూసుకుంటా."

"మీ అన్నయ్యను లేపడం నీకు చేతకాదు."

"నేర్పు మరి."

మ్యూరియల్ ఆమె వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చింది. "ముందు వీపు కింద చెయ్యి వెయ్యాలి," అంది.

శుక్రవారం రోవెనా అన్నట్టే వచ్చింది. చెల్లెలి చేతి సూప్‌లో ఉప్పు లేదని క్లెమెంట్ సణిగాడు. బజారుకు వెళ్లొస్తానని కోటు తొడుక్కున్న మ్యూరియల్, బూట్ల తాళ్లు కట్టుకుందామని తన గదిలో మంచం అంచున కూర్చుని, అలాగే ఒరిగి నిద్రపోయింది. రోవెనా ఆమె బూట్లు విప్పి పక్కన పెట్టి, చప్పుడు కాకుండా గది తలుపు మూసింది.