డివైడర్ పక్క వరస

పాట ఇంకా సగంలోనే ఉంది, బయట గొలుసులు గరగరమన్నాయి. చర్చి తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం వెర్డెల్ పని. తొంగి చూసింది. రోడ్డు మధ్య డివైడర్ పక్కన నిలిపిన వరసలో, ముసలి లెమ్యుయెల్ కారు ముందు చక్రాలు గాలిలోకి లేస్తున్నాయి. టోయింగ్ లారీ దాన్ని ఎత్తుకుపోతోంది.

వెర్డెల్ పరుగెత్తింది. "నాయనా, అందులో ఆయన ఆక్సిజన్ సిలిండర్ ఉంది. అదన్నా తీసుకోనీ."

"నాకు చెప్తే ఏం లాభం తల్లీ. ఎవరో ఫోన్లో ఫిర్యాదు పెట్టారు, పైవాళ్ళు నన్ను పంపారు," అన్నాడు డ్రైవరు, ఆమె మొహం చూడకుండా. సిలిండర్ మాత్రం తీసి ఇచ్చాడు. ఆ పూట పదకొండు కార్లు పోయాయి.

యాభై ఏళ్ళుగా ఆదివారం పూట ఆ వరస చర్చిది. కాగితం మీద లేదు, కానీ పోలీసులతో సహా అందరికీ తెలుసు. తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేచాయి. అద్దెలు ఆకాశాన్నంటాయి. ఓడరేవులో బస్తాలు మోసి ఈ ఊరిని నిలబెట్టిన నల్లవాళ్ళు మూటాముల్లె సర్దుకుని తలో దిక్కూ పోయారు. వెర్డెల్ దూరాన, అద్దెలు తక్కువున్న స్టాక్‌టన్ ఊళ్ళో పడింది. అక్కడి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. పుట్టిన ఊళ్ళో ఆమెకు మిగిలింది ఒక్క ఆదివారమే. రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చేది అందుకే. కారు నిలిపే చోటు పోతే ఆ ఆదివారమూ పోతుంది.

చర్చికి ఎదురుగానే ఆమె పెరిగిన అద్దె ఇల్లు. వరండాలో ఒకమ్మాయి కాళ్ళు బార్లా చాపుకుని కాఫీ తాగుతోంది. ఒకప్పుడు వెర్డెల్‌తో కలిపి అక్కచెల్లెళ్ళు ముగ్గురూ ఒకే మంచం మీద ఇరుక్కుని పడుకున్న ముందు గదిలో, ఎంత తొక్కినా ఎక్కడికీ పోని వ్యాయామం సైకిలు ఒకటి నిలబడి ఉంది. సైకిలుకి గది ఉంది, వెర్డెల్‌కి లేదు. చూసినప్పుడల్లా ఆమె కడుపు భగ్గుమంటుంది. ఆ పిల్ల నీకేం చేసిందంటే చెప్పలేదు. అసూయే, ఇంకోటి కాదు.

ఆరాధన అయ్యాక కింది హాల్లో మీటింగు పెట్టారు. వేయించిన కోడి చల్లారిపోతున్నా ఎవరూ ముట్టలేదు.

"చర్చి స్థలం అమ్మేద్దాం. కొంటానని ఒక బిల్డరు మూడోసారి కబురు పెట్టాడు. స్టాక్‌టన్‌లోనే ఇంకో చర్చి కట్టుకుందాం," అన్నాడు చర్చి వ్యవహారాలు చూసే పెద్ద, డీకన్.

"ఆయన కబురూ ఈ లారీలూ ఒకే నెలలో ఎట్లా వచ్చాయో అడిగావా?" అన్నాడు లెమ్యుయెల్.

అందరూ ఒజెల్లా వైపు చూశారు. ఆమెకూ తలుపు దగ్గర పనే. అందరిలో ఇంకా ఈ ఊళ్ళోనే ఉండి, వీధి చివర సొంత ఇల్లు నిలబెట్టుకున్నది ఆమె ఒక్కతే.

"నన్నెందుకు చూస్తారు? నాకు కారే లేదు, నడిచొస్తా."

"నీకేమే, సొంత కొంప ఉంది. మేం రోడ్డున పడితే కిటికీలోంచి తమాషా చూస్తావు," అంది వెర్డెల్.

"నా కొంప మీద నీ కళ్ళు పడి ముప్పై ఏళ్ళయింది. కాస్త పక్కకి తిప్పుకో. బిల్డరు మనుషులు రోజూ నా తలుపు కొడుతున్నారు. మీరంతా పోయాక ఆ వీధిలో నేనెవరితో మాట్లాడాలి? వాళ్ళ కుక్కలతోనా?"

హాలంతా నవ్వింది. వెర్డెల్ నవ్వలేదు, లేచి నిలబడింది.

"అవును, నాకు కుళ్ళే. ఒప్పుకుంటా. నీ ఇల్లు నాది కావాలి, ఎదురింటి వరండా నాది కావాలి. ఆ కుళ్ళు లేనివాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి."

వెర్డెల్ బల్లల వెంట ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చింది.

"మరి ఇన్నాళ్ళూ ఒకళ్ళ మీద ఒకళ్ళం ఏడ్చింది చాలదా? ఆ మేడలవాళ్ళ ముందు నిలబడి మా వాటా ఏదని అడుగుదాం. నేను అమ్మను, కదలను."

మరుసటి ఆదివారం ఎవరూ చర్చి లోపలికి పోలేదు. కార్లు వరసలో పెట్టి, ఎవరి కార్లో వాళ్ళు కూర్చున్నారు. మూడు లారీలు, వెనక పోలీసులు వచ్చారు.

ఆ చర్చిలో ఒక కట్టుబాటుంది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ తలుపు దగ్గరి మనిషి అరచెయ్యి ఎత్తి పట్టుకుంటుంది. ఆ చెయ్యి దిగేదాకా పాస్టరైనా అడుగు వెయ్యడు. వెర్డెల్ తలుపు దగ్గర వేసుకునే తెల్ల గ్లవ్స్ తొడుక్కుని మొదటి లారీ ముందు నిలబడి చెయ్యెత్తింది. పాస్టరు నడిరోడ్డు మీద ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన గొంతు అలిసేసరికి లెమ్యుయెల్ అందుకున్నాడు. తర్వాత ఇంకో కారు కిటికీలోంచి ఇంకో గొంతు అందుకుంది. ఊరొదిలి పోయినవాళ్ళ పేర్లన్నీ వరసగా చదివారు. ఆమెన్ అంటే ప్రార్థన ముగిసిపోయినట్టే, అందుకే ఎవరి నోటా ఆ మాట రాలేదు.

మొదటి లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. "మా అమ్మ కూడా చర్చి తలుపు దగ్గరే నిలబడేది. నేను లారీ ముందుకి పోనివ్వను," అన్నాడు పోలీసులతో.

"చెయ్యి దించండమ్మా," అన్నాడు పోలీసు ఆఫీసరు.

"ప్రార్థన అవలేదు బాబూ."

ఇద్దరు కలిసి ఆ చేతిని వంచి వెనక్కి విరిచి బేడీలు వేశారు. ఎదురింటి అమ్మాయి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

పోలీసు కారు అద్దంలోంచి వెర్డెల్ చూసింది. ఒజెల్లా వచ్చి సరిగ్గా ఆమె నిలబడ్డ చోటే నిలబడింది. చెయ్యెత్తింది. వెనక కార్ల తలుపులు ఒక్కటొక్కటే తెరుచుకున్నాయి, ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి లేచాయి. ప్రార్థనలో ఇప్పుడు వెర్డెల్ పేరు కూడా వినిపిస్తోంది. ఆమెకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, కడుపు మండింది కూడా.

"ఎవరావిడ?" అన్నాడు ముందు సీట్లోని పోలీసు.

"నా చోటు కాజేసిన మనిషి," అంది వెర్డెల్. "నన్ను తొందరగా వదలండి. నేను పోయి అడిగితే తప్ప అది ఆ చోటు ఇవ్వదు."