మామయ్య నా చేత్తో తినరు

మా ఇంట్లో మామయ్య అంటే చేప. పాముచేప. మూరెడు పొడుగు, తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలు, మధ్యమధ్య పసుపు చుక్కలు. రెండున్నర అడుగుల ఉప్పునీళ్ల అక్వేరియంలో, రాళ్ల కింద పెట్టిన ప్లాస్టిక్ గొట్టంలో కాపురం. తల మాత్రం బయట పెట్టి రోజంతా నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఊపిరి తీసుకోవడం దానికి అలాగే. తెచ్చిన రోజే మా ఆవిడ కాసేపు దాన్ని చూసి, "అచ్చం మామయ్యే. ఏదో చెప్పబోతున్నట్టు ఉంటారు, చెప్పరు" అంది. మామయ్య అంటే మా నాన్న. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఇక పేరు ఖాయమైపోయింది. "మామయ్యా, భోజనానికి రండి" అని ఈవిడ పిలిచే పిలుపు విని, కింది వాటాలో ఉండే పెద్దావిడ ఒకసారి నన్ను మెట్ల దగ్గర ఆపి మా నాన్నగారి ఆరోగ్యం అడిగింది. బాగానే తింటున్నారండీ అని చల్లగా జారుకున్నాను.

మా ఆవిడ పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే సీట్లో పనిచేస్తుంది. నేను కట్టుడుపళ్లు తయారుచేస్తాను. డాక్టర్లు నోటి అచ్చులు పంపితే, ముందుగదిలో బల్ల వేసుకుని, గులాబిరంగు చిగుళ్లు పోసి పళ్లు గుచ్చుతాను. బల్ల నిండా ఊరివాళ్ల నోళ్లు పెట్టుకుని కూర్చునే మనిషికి సొంత నోరు లేదని మా ఆవిడ దెప్పేది. అబద్ధమేమీ కాదు. ఆఫీసు సంగతులు చెప్తే ఊఁ అంటాను. సినిమాకి వెళ్దామంటే ఊఁ. పోట్లాటకు దిగినా ఊఁ. పన్నెండేళ్లు ఓపిక పట్టి, ఒకరోజు పొద్దున్నే, "కొన్నాళ్లు అక్క దగ్గర ఉండొస్తాను" అంది. వద్దని చెప్పడానికి సాయంత్రం దాకా టైముంది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, చివరికి ఊఁ అన్నాను.

ఆవిడ వెళ్లిన వారానికే మామయ్య తిండి మానేశారు. ఆవిడ రొయ్యముక్కని అల్లికసూదికి గుచ్చి అందించేది. ఆ సూది అల్లిక సంచితో పాటు వెళ్లిపోయింది. నేను నా పనిబల్ల మీది పొడుగాటి పట్టకారుతో రొయ్యముక్క పట్టుకుని ముందు పెడితే, మామయ్య ఒక్కసారి వాసన చూసి గొట్టంలోకి వెళ్లిపోయేవారు. ఐదు రోజులు. ఎనిమిది. పన్నెండు. నీళ్లు మార్చాను. ఉప్పు కొలిచి చూశాను, సరిగ్గానే ఉంది. కాలు కాలిన పిల్లిలా ట్యాంకు చుట్టూ తిరిగాను. ఆవిడకి ఫోన్ చేసి, మామయ్య తినట్లేదని చెప్పాను. ఆదివారం రెండు బస్సులు మారి, సూది పట్టుకుని వచ్చింది. ఆవిడ చేతినుంచి రెండు ముక్కలు లాక్కుని తిన్నారు మహానుభావుడు. తర్వాత ఆవిడ టీ పెట్టింది. అరగంట కూర్చుని, సూది సంచిలో వేసుకుని వెళ్లింది. ఆ అరగంటా ఇల్లు ఇల్లులా ఉంది.

మళ్లీ గురువారం, పట్టకారు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు తట్టింది. చిగుళ్లు పోసే మందు వాసన అంటే తెలియనివాళ్లకి చెప్పలేను, ముక్కు పగిలిపోతుంది. ఇరవై ఏళ్లుగా నాకది తెలియడం మానేసింది. పాముచేపకి కళ్లు అంతంతమాత్రం, దాని బతుకంతా వాసన మీదే. ఆ వాసనేసే పట్టకారుని తీసుకెళ్లి దాని ముక్కు దగ్గర పెడుతున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, కొత్త చీపురు పుల్ల విరిచి, రొయ్యముక్క గుచ్చి నీళ్లలో పెట్టాను. పెట్టీ పెట్టగానే లాక్కున్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఉన్నపళాన ఫోన్ చేశాను. ఎత్తుతూనే, "మామయ్య తిన్నారా?" అంది. ఆ గొంతులో నా ఇంటి కోసం, నా చేప కోసం, ఏమో, కాస్త నా కోసం కూడా ఆదుర్దా వినిపించింది. తిన్నారు అంటే ఆ ఆదుర్దా తీరిపోతుంది.

"లేదు" అన్నాను.

"సరే, ఆదివారం వస్తాను."

అలా మొదలైంది. పాముచేపకి వారానికి రెండుపూటలు చాలు. బుధవారం పుల్లతో నేను పెట్టేవాణ్ని, ఆదివారం సూదితో ఆవిడ పెట్టేది. ముందు ఆవిడ ఎదురుగా పట్టకారుతో నేనొకసారి ప్రయత్నించడం, మామయ్య మొహం తిప్పుకోవడం, "మీవల్ల కాదులెండి, జరగండి" అని ఆవిడ నా పక్కకి రావడం. ఆ జరగండి కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ని. శనివారం ఇల్లు ఊడ్చి, ట్యాంకు అద్దం తుడిచి, పుల్లలు అటక మీద దాచేవాణ్ని. ఏడు నెలల్లో ఒక్క ఆదివారం తప్పలేదు.

మొన్నటి ఆదివారం ఆవిడ మూతబకెట్టూ, బ్యాటరీతో నడిచే గాలిపంపూ పట్టుకుని వచ్చింది.

"బదిలీ అయింది. నాలుగు గంటల ప్రయాణం. మంగళవారం చేరాలి" అంది. "మామయ్యని తీసుకెళ్తాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఆదివారం ఆదివారం అక్కణ్నుంచి రాలేను కదా. ఇక్కడ వదిలేస్తే ఏమవుతారు? మీ చేత్తో తినరుగా."

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ తీరిగ్గా, ఏడు నెలల పాటు. నోరు మూసుకుంటే ఆవిడ దృష్టిలో మంచివాడిగానే మిగులుతాను. కానీ బకెట్లో నాలుగు గంటలు కుదుపులకి మామయ్య బతుకుతారో లేదో. బతికినా, ఈ ఇంట్లో మనిషీ ఉండదు, మనిషి తెచ్చిన చేపా ఉండదు. నిజం చెప్తే ఆయన ఉంటారు. ఆవిడకి మళ్లీ ఈ మెట్లెక్కే పని ఉండదు.

చెప్పడం ఎలాగూ నాకు చేతకాదు. చేతులు కడుక్కున్నాను. అటక మీంచి పుల్ల తీశాను. రొయ్యముక్క గుచ్చి నీళ్లలో పెట్టాను. మామయ్య గొట్టంలోంచి సగం బయటికొచ్చి, చటుక్కున లాక్కుని లోపలికి పోయారు.

ఆవిడ నా చేతిలోంచి పుల్ల తీసుకుంది. "ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి నెల నుంచి."

"ఎండలో, వానలో రెండు బస్సులు మారి వచ్చాను. మా అక్క పిల్లలు, పిన్నికి బాబాయి కంటే చేప ఎక్కువ అని నవ్వుతున్నా వచ్చాను." పుల్ల బల్ల మీద పడేసింది. "ఎందుకండీ?"

"నువ్వొస్తావని."

"రమ్మని అడగొచ్చుగా."

"అడిగితే వచ్చేదానివా?"

ఆవిడ బకెట్ మూత బిగిస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది. "మొదటి నెల్లోనే రెండుసార్లు పెట్టె సర్దుకున్నాను. అక్కే ఆపింది. ఒక్కసారి ఆయన్ని పిలవనీ, అప్పుడు వెళ్దువుగానీ అంది. ఫోన్ మోగినప్పుడల్లా ఆ మాట కోసమే ఎత్తేదాన్ని. మీరేమో, మామయ్య తినలేదు అనేవారు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు అక్కడ గది మాట్లాడేశాను."

అల్లికసూది బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుంది. మా వాటాకి ఇరవై రెండు మెట్లు. ఆవిడ ఎప్పుడూ గబగబా దిగే మనిషి. ఆ రోజు ఖాళీ బకెట్టే మోస్తున్నా, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి దిగింది. నేను తలుపు పట్టుకుని, పైనుంచి ఆవిడ పాపిట చూస్తూ నిలబడ్డాను. ఉండిపో అనడానికి ఎంతసేపు పడుతుంది? కింద గేటు పడిన చప్పుడయ్యాక నాకు నోరు పెగిలింది.