గార్లండ్ పాయ

అత్తగారి మంచం మీద తడిసిన దుప్పటి లాగేసి కొత్తది పరుస్తుంటే, గుమ్మంలో నిలబడి భర్త గార్లండ్ అడిగాడు. "ఇవాళ నీ కాయక్ తీసుకెళ్లనా? నువ్వెలాగూ వెళ్లట్లేదుగా."

ట్వైలా దుప్పటి కొసను పరుపు కిందికి దోపుతూ "తీసుకెళ్లు" అంది. అది నవంబరు. అత్తగారు ఓపల్ తుంటి ఎముక విరిగి వాళ్లింటికి వచ్చి మూడు వారాలైంది. ఆ మాట అనడానికి ట్వైలాకు రెప్పపాటు కూడా పట్టలేదు. కాయక్ అంటే పడవే కదా, పెరట్లో బోర్లించి ఉంటే దుమ్ము పట్టిపోతుంది, ఎవరైనా వాడుకోవడం మంచిదే అనుకుంది. ఒక్క శనివారమే కదా అని కూడా అనుకుంది.

ఎనిమిదేళ్ల కిందట ట్వైలా తన తల్లిని పూడ్చిపెట్టి వచ్చిన వారానికి, ఎవరింటి ముందో అమ్మకానికి పెట్టిన పాత సామాన్ల మధ్య ఆ కాయక్‌ను చూసింది. వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు, ఒక పక్క పెద్ద గీత. ఎందుకు కొన్నదో ఆమెకే తెలియదు. ట్రక్కులోంచి దింపుతుంటే గార్లండ్ పడీపడీ నవ్వాడు. "ఇందులో కూర్చుని చేపలు పడతావా, స్నానం చేస్తావా?" అప్పట్లో అతనికి మెరుపుల రంగు వేసిన పెద్ద ఇంజను పడవ ఉండేది. ట్వైలా శనివారం పొద్దున్నే తెడ్డు వేసుకుంటూ సరస్సులోకి వెళ్లింది, మధ్యాహ్నం తిరిగొచ్చింది. బడి వంటగదిలో నాలుగు వందల మంది పిల్లలకు వడ్డించే చేతులవి. ఆ నాలుగైదు గంటలు వాటిని ఎవరూ ఏమీ అడగలేదు. నీళ్ల మీద ఒక జానెడెత్తులో కూర్చుంటే ఒడ్డు మీద వాళ్లకు మనిషి ఆనదు. పిలిచినా వినిపించదు. ఆ సంగతి తెలిశాక ఆమె ఒక్క శనివారం కూడా వదులుకోలేదు. చలికాలంలో బాస్ చేపలు రాతిగోడ పక్కన లోతులో మొద్దుల్లా పడుకుంటాయని, అప్పుడు ఎరను కాఫీ చల్లారిపోయేంత నెమ్మదిగా లాగాలని, కొండ మీద రెడ్‌బడ్ చెట్లు గులాబి రంగుకు తిరిగాయంటే అవి గులకరాళ్ల మీదికి వస్తాయని, ఎండాకాలం సూర్యుడు మొహం చూపించక ముందే తామరాకుల అంచున గాలం వెయ్యాలని, ఆకులు రాలేటప్పుడు చిన్నచేపల వెంటబడి అవి వాగుల చివరిదాకా పోతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఒంటికి అదే పట్టుబడింది.

గార్లండ్ ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక పెద్ద పడవ అమ్మేశాడు. ఊళ్లో కాయక్ మీద చేపలు పట్టేవాళ్ల క్లబ్బు ఒకటి మొదలైంది. చేపను కొలతపలక మీద పడుకోబెట్టి ఫోటో తీసి, మళ్లీ నీళ్లలో వదిలేయాలి, ఎవరి చేప పొడుగైతే వాళ్లు గెలిచినట్టు. నవంబరులో ఒక్క శనివారం అన్నది డిసెంబరులో ప్రతి శనివారం అయింది.

మొదట్లో ఆమెకు అది బాగానే ఉండేది. అబద్ధం చెప్పుకోవడం ఎందుకు, సంతోషంగానే ఉండేది. "ఈ చలికి ఎక్కడుంటాయంటావ్?" అని పొయ్యి దగ్గరికొచ్చి అడిగేవాడు. ఓట్స్ కలుపుతూ చెప్పేది. రాతిగోడ రెండో మలుపు దగ్గర, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. మధ్యాహ్నం అతను ఫోను ముందుకు చాచి ఫోటో చూపిస్తే, పంతొమ్మిది అంగుళాల చేప, తానే పట్టినట్టు వేళ్లు జివ్వుమనేవి. అతని చేతులతో తాను చేపలు పడుతున్నానని అనుకుంది. ఫిబ్రవరిలో ఒకరోజు ఓపల్ కాళ్లకు మందు రాస్తుంటే పక్కగదిలోంచి అతని మాటలు వినిపించాయి. ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "ఎలా అంటే ఏం చెప్పను? ఊరికే అలా అనిపిస్తుంది. ఈ నీళ్లు నాతో మాట్లాడతాయి."

ట్వైలా చేతిలోని మందు సీసాకు మూత పెట్టడం మర్చిపోయింది. "కారిపోతోంది చూసుకో" అంది ఓపల్.

రెడ్‌బడ్ పూసింది, రాలింది. ఆమె వంటింటి కిటికీలోంచే చూసింది. లూయీవిల్‌లో ఉండే ఆడపడుచు జనెల్ ఆదివారాలు ఫోన్ చేసేది. "నీకున్న ఓపిక నాకు లేదు ట్వైలా. నువ్వు పుట్టడమే అలా పుట్టావు." ఓపల్ దిండుకు ఆనుకుని, "మా ఆయన వర్జిల్ బతికున్నన్నాళ్లు శనివారం నేను ఇల్లు కదిలింది లేదు" అనేది. అది గొప్పగా చెబుతోందో, గోడు చెప్పుకుంటోందో ట్వైలాకు ఎన్నిసార్లు విన్నా అంతుపట్టలేదు. అడిగితే ముసలామె మొహం గోడవైపు తిప్పుకునేది.

జులైలో ఒకసారి గట్టిగానే అడిగింది. "వచ్చే శనివారం నేను వెళ్తా. నువ్వు అమ్మ దగ్గరుండు."

"తప్పకుండా" అన్నాడు గార్లండ్ వెంటనే. "కాకపోతే ఆ రోజు పోటీ ఉందే."

"పోనీ ఆ పై వారం."

"ఉంటాను. కానీ అమ్మకి స్నానం నేనెలా చేయిస్తా చెప్పు. కొడుకుని. ఆవిడ సిగ్గుతో చచ్చిపోదూ?"

అతను అరవడు. తాగడు. చర్చిలో అందరూ గార్లండ్ బంగారమంటారు. అతను ఒక్కసారి గొంతు పెంచి అరిచి ఉంటే, ఎవరి దగ్గరికైనా వెళ్లి ఇదిగో నా బాధ అని చూపించడానికి ఏదో ఒకటి ఉండేది. ఇక్కడ చూపించడానికి ఏమీ లేదు. దెబ్బ లేదు, మచ్చ లేదు, కోపగించుకోవడానికి ఒక మాటైనా లేదు. అన్నీ సబబుగానే ఉన్నాయి. అంతా సబబుగానే ఉండగా ఆమె పొద్దున్న లేచి దుప్పట్లు ఉతుకుతోంది, బడిలో వండుతోంది, వచ్చి మళ్లీ వండుతోంది, శుక్రవారం సాయంత్రం అతని గాలాలకు దారం ముడులు వేస్తోంది, ఎందుకంటే అతని కళ్లకు సన్నదారం ఆనదు. ఆగస్టులో ఒకరోజు బీన్స్ తుంచుతూ, సరస్సు వాసన ఎలా ఉంటుందో గుర్తు చేసుకోవాలని చూసింది. ఎంతసేపటికీ గుర్తు రాలేదు.

డిసెంబరులో చర్చి హాల్లో క్లబ్బు విందు జరిగింది. ఆ ఏటి మేటి జాలరి గార్లండేనన్నారు. బహుమతిగా ఇచ్చిన చెక్కపలక అందుకుని అతను దేవుడికి, క్లబ్బు మిత్రులకు కృతజ్ఞతలు చెప్పాడు. "ఇక మా ట్వైలా. ఆవిడ చీజ్ శాండ్‌విచ్‌లు లేకపోతే నేను ఒడ్డు కూడా దాటేవాణ్ణి కాదు" అన్నాడు. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు, లేచి నిలబడమన్నారు. ఆమె లేచి నిలబడింది. నవ్వింది కూడా. ఇంటికి వస్తూ ట్రక్కులో అతను ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. "చూశావా, నీ పేరు కూడా చెప్పాను." ఆ గొంతులో నిజమైన ప్రేమ ఉంది. అందుకే ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు.

ఏప్రిల్లో జనెల్ తల్లిని చూడటానికి రెండురోజులకని వచ్చింది. అదే సమయానికి గార్లండ్‌కు నడుము పట్టేసింది. శనివారం పొద్దున్నే ట్వైలా ఎవరినీ అడక్కుండా కాయక్‌ను ట్రక్కులోకి ఎక్కించింది. పదిహేడు నెలల తర్వాత. నీళ్ల దగ్గర కూర్చోబోతే సీటు వెనక్కి జరిపి ఉంది, అతని కాళ్ల పొడుగుకు. పట్టీలు మళ్లీ తన కొలతకు బిగించుకోవడానికి చాలాసేపు పట్టింది. భుజాలు మర్చిపోలేదు కానీ అరచేతులు మెత్తబడిపోయాయి, మైలు దూరానికే బొబ్బలెక్కాయి. తూర్పు ఒడ్డున కొండ కిందికి దూరిన ఇరుకుపాయలోకి తిరిగింది. ఆ పాయకు పేరు లేదు. చిన్నప్పుడు తండ్రి వేలితో చూపించిన దగ్గర్నుంచీ ఆమె దాన్ని ఉత్త పాయ అనే అనుకునేది.

నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున గులకరాళ్ల మీద పళ్లెమంత గుండ్రంగా ఊడ్చిన చోట్లు నాలుగు. ఒక్కోదాని మీద ఒక్కో మగచేప. బాస్ చేపల్లో ఆడది గుడ్లు పెట్టి లోతుకు వెళ్లిపోతుంది. గుడ్లకు కాపలా మగదే. తిండి మానేసి, తోకతో నీళ్లు విసురుతూ, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతూ అక్కడక్కడే తిరుగుతుంది. ట్వైలా గాలం తియ్యలేదు. తెడ్డు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

కాసేపటికి మూడు కాయక్‌లు పాయలోకి వచ్చాయి. ముందున్న గడ్డపు మనిషి, ముప్పై ఏళ్లవాడు, టోపీ ఎత్తి పలకరించాడు. "మేడమ్, దారి తప్పారా? ఇది గార్లండ్ పాయ."

"ఎవరి పాయ?"

"మా క్లబ్బులో పెద్దాయన లెండి. ఆయనే కనిపెట్టాడు. ఫోన్ మ్యాపులో కూడా ఆ పేరే పెట్టేశాం. ఇవాళ గుడ్ల మీద చేపలుంటాయి, వెళ్లి పట్టుకోండ్రా అని ఆయనే పంపించాడు. నేను కోల్బీని."

"నేను ఆయన భార్యని."

కోల్బీ మొహం విప్పారింది. "శాండ్‌విచ్‌ల ఆవిడా! భలే కలిశారు."

ఆమె ఇంకేదో అనబోయేలోపే రెండోవాడు గాలం విసిరాడు. మగచేప కోపంతో ఎరను కరిచింది. పైకి లాగారు, కొలిచారు, ఫోటో తీశారు. ఆ రెండు నిమిషాల్లో ఎక్కణ్ణుంచి వచ్చాయో చిన్నచేపలు గుంపుగా వచ్చి ఆ పళ్లెంలోని గుడ్ల మీద పడ్డాయి. చేపను సుతారంగా నీళ్లలో వదిలి, "చూశారా, దానికేం కాలేదు" అన్నాడు వాడు. అది ఈదుకుంటూ వెనక్కి వచ్చింది. వచ్చేసరికి అక్కడ గులకరాళ్లే ఉన్నాయి. రెండో గూడు అలాగే పోయింది, మూడోదీ పోయింది. వాళ్లు చేసింది తప్పని ఏ చట్టమూ చెప్పదు. వాళ్లంతా మంచివాళ్లు.

నాలుగో గూడు వైపు తిరిగారు. ఆమె తెడ్డు రెండుసార్లు వేసి, కాయక్‌ను సరిగ్గా ఆ గూడు మీదికి తెచ్చి, లంగరు పక్కన రాళ్లలోకి దింపింది.

"మేడమ్, కొంచెం జరుగుతారా?" అన్నాడు కోల్బీ.

"జరగను."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పక్కపాయకు వెళ్లిపోయారు. కోల్బీ పోతూ పోతూ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

నిమిషంలో ఆమె ఫోను మోగింది. "ఏంటది, కోల్బీ ఏదో అంటున్నాడు?" అన్నాడు గార్లండ్. "సరే, అది తర్వాత మాట్లాడుకుందాం. అమ్మ డైపర్లెక్కడ పెట్టావ్? జనెల్‌కి దొరకట్లేదట. రేపు మధ్యాహ్నమే వెళ్లిపోతానంటోంది. నీకు బడి సెలవులేగా, వచ్చే వారం అమ్మ పాత ఇల్లు కూడా సర్దేయొచ్చు. ఎప్పుడొస్తున్నావ్?"

ట్వైలా కిందికి చూసింది. కాయక్ నీడలో మగచేప బెదరకుండా తిరుగుతోంది. ఈ నీళ్ల వెచ్చదనానికి గుడ్లు పిల్లలవ్వాలంటే ఇంకా నాలుగు రోజులు పడుతుంది. పడవల రేవు పక్కన అద్దెగదులున్నాయి, రాత్రిళ్లు అక్కడ పడుకుని తెల్లారేసరికి నీళ్ల మీద ఉంటే చాలు. ఐదోరోజు తాను ఇంటికే వెళ్తుందని, దుప్పట్లు అక్కడే ఉంటాయని, మ్యాపులో ఆ పేరు చెరగదని, పోయిన మూడు గూళ్లూ పోయినట్టేనని ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది.

"డైపర్లు మీ అమ్మ మంచం కింద ఉన్నాయి. నాకు ఇంకో నాలుగు రోజులు పడుతుంది."

"నాలుగు రోజులా? దేనికి?"

"ఇది నీ పాయేగా గార్లండ్" అంది ట్వైలా. "నీకే తెలియాలి."