ముసాంబరం పూసిన పొద్దు

ముసాంబరం అరగదీయడం మా అత్త హంపమ్మకు బాగా వచ్చు. ఆ పొద్దున కాసిన్ని నీళ్లు చిలకరించి రాతి మీద అరగదీసి, నా రవిక ముడి తనే విప్పి ఆ చేదును రొమ్ములకు పూసింది. “ఆడపిల్లకు ఏడాది సాల్లే మే. పాలు మానిపిస్తేనే గదా మల్లా కడుపు నిలిచేది” అంది. ఎదురింట్లో ఆమె కూతురి కొడుకు మూడేళ్లవాడు. ఇంకా తల్లి మీద ఎగబడి తాగుతున్నాడు. అక్కడ ఎవరూ ఏమీ పూయలేదు.

మా ఆయన రామలింగం విననట్టే ఉన్నాడు. ఆయన బాధ వేరు. పిల్ల కోసం నేను రాట్నం దగ్గర నుంచి లేచినప్పుడల్లా నూలు కండెలు చుట్టడం ఆగుతోందట, కండెలు లేక మగ్గం ఆగుతోందట. ఎమ్మిగనూరులో మగ్గం చప్పుడు ఆగితే ఏమైందని వీధంతా అడుగుతుంది. బిడ్డ ఏడిస్తే ఎవరూ అడగరు.

ఆ రోజే పడుగు చాచాం. వీధి పొడవునా దారాలు లాగి, గంజి పట్టించి, అది ఆరేలోపు రెండు పక్కలా ఇద్దరం కుంచెతో దువ్వాలి. ఒకరు వదిలితే దారాలు అతుక్కుపోతాయి. అరుగు మీద అత్త ఒడిలో నా బిడ్డ హులిగెమ్మ గుక్కపట్టింది. వింటూనే దువ్వుతున్నాను. నా రవిక తడిసిపోయింది.

“పైట సరిగ్గా కప్పుకో. పాలు కారితే దారం మరక పడతాది” అన్నాడు రామలింగం, అందరూ వింటుండగా. చుట్టుపక్కల నేతగాళ్లు నవ్వారు. నా పాల సంగతి నేను తప్ప అందరూ మాట్లాడారు. ఎప్పుడు పట్టాలో మంత్రసాని చెప్పింది, ఎప్పుడు ఆపాలో అత్త చెప్పింది, నడుమ ఎంతసేపు ఇవ్వాలో మగ్గం చెప్పింది.

కుంచె కింద పెట్టాను. లోపలికి పోయి కడుక్కుని వచ్చి, అరుగు మీద కూర్చుని బిడ్డను పైట చాటుకు లాక్కున్నాను. అది నోరు తెరవలేదు. పొద్దున మోసపోయిన మొహం అటు తిప్పుకుంది. ఇక ఎప్పటికీ తాగదేమో. వేలితో రాసి నేనే నాకి చూశాను. ఇంకా చేదుగా ఉంది. మళ్లీ లేచి కడుక్కున్నాను.

“గంజి ఆరిపోతాంది మే” అని రామలింగం అవతలి నుంచి గొణిగాడు.

“అత్తా, ఆ కుంచె నువ్వు పట్టు” అన్నాను. ఆ ఇంట్లో నేను ఆమెకు పని చెప్పడం అదే మొదలు.

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి పోయి కుంచె అందుకుంది. “ఎంతసేపని పట్టుకునేది?”

హులిగెమ్మ పెదవులతో ఒకసారి తాకి చూసింది, ఆగింది, తర్వాత గట్టిగా పట్టుకుంది.

“అది వదిలేదాకా” అన్నాను. “ఇయ్యాల ఒక్కనాడే కాదు అత్తా.”